అద్దం వెనక చెయ్యి

ఆమదాలవలస దగ్గర,
జూలై 11.

యమునప్పా,

ఎనిమిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి నీకు ముందు కోపం వస్తుందేమో. వస్తే రానీ. నా తోడబుట్టిన అప్పవి, చదవడం మాత్రం మధ్యలో ఆపకు.

మీ మరిదికి పక్షవాతం వచ్చిన సంగతి ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. ఏప్రిల్లో రైసు మిల్లు దగ్గర కళాసీల చేత బస్తాలు దింపిస్తూ దింపిస్తూ ఉన్నచోటే కూలబడిపోయారు. ఆ కళాసీలే ఆటోలో వేసుకుని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలబడింది. ఇప్పుడు కర్ర పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వాకిలి దాకా నడుస్తున్నారు. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాట "ఒసే". నీళ్ళు కావాలన్నా ఒసే, ఎండ పొడుస్తోందన్నా ఒసే, కన్నతల్లిని పిలవాలన్నా ఒసే. కొందరికి నోటికి బాగా అలవాటైన మాట ఒకటి మిగిలిపోతుందమ్మా అన్నారు డాక్టరు గారు. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన నోటికి ఏది అలవాటో నాకు తెలియదా?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ఆయనకి మాట పోయింది గాని చెవులు పోలేదు. మా ఇల్లు నువ్వు చూసిందే కదా, ఒక గది, వెనక వంటిల్లు, ముందు అరుగు. నేను ఎక్కడ నిలబడి మాట్లాడినా ఆయన వింటారు. మా అత్త తవిటమ్మకి కళ్ళు మసకలు కమ్మాయి గాని చెవులు ఆవిడవీ పాము చెవులే. అందుకని అంగన్‌వాడీలో పిల్లలకి అన్నాలు పెట్టి పడుకోబెట్టాక, వాళ్ళ బరువులు రాసే రిజిస్టరు మధ్యలో ఈ కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఎవరైనా వస్తే రిజిస్టరు మూసేస్తాను.

కిందటి వారం ఆయన్ని చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ కసరత్తులు చేయించే అమ్మాయి పేరు మెర్సీ. పాతికేళ్ళుంటాయి. బల్ల మీద ఒక అద్దం నిలువుగా పెట్టింది. ఆయన కుడి చేతిని అద్దం వెనక దాచింది. ఎడమ చేతిని అద్దం ముందు పెట్టించి, అద్దంలోకి చూస్తూ ఆ చేతిని ముడవమంది, చాపమంది. నేను వెనక నిలబడి తొంగి చూశాను. అప్పా, నా ఒళ్ళు జలదరించింది. అద్దంలో కదులుతున్నది ఎడమ చెయ్యే గాని, చూస్తే అచ్చంగా కుడి చెయ్యి. మూడు నెలలుగా చచ్చుబడి ఒళ్ళో పడి ఉన్న చెయ్యి లేచి పిడికిలి బిగించినట్టే ఉంది. ఆయన కూడా నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"మెదడు కళ్ళని నమ్ముతుంది ఆంటీ. కుడి చెయ్యి కదులుతోందని కళ్ళు చెబుతూ ఉంటే, మర్చిపోయిన దారిని మెదడు మెల్లగా వెతుక్కుంటుంది. అందరికీ రాదు. కాని చాలామందికి ఎంతో కొంత వస్తుంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. చేయించాల్సింది మీరే" అంది.

ఏది ముందు వస్తుందమ్మా అని అడిగాను.

"ముందు భుజం వస్తుంది ఆంటీ. తర్వాత మోచెయ్యి. వేళ్ళు అన్నిటికన్నా ఆఖర్న" అని నవ్వుతూ చెప్పింది, మంచి కబురు చెబుతున్నట్టు.

ఆ మాట నాకు ఎలా తగిలిందో నీకు తెలియాలంటే, ఎనిమిదేళ్ళుగా దాచినది చెప్పాలి. నా ఎడమ మణికట్టు విరిగినప్పుడు నువ్వు విజయనగరం నుంచి పరుగున వచ్చావు. ఏమైందని అడిగావు. నూతి దగ్గర జారిపడ్డానని చెప్పాను. నువ్వు నమ్మలేదు. "తిరుమలరావు కొట్టినాడు, నాకు తెలుసు, బట్టలు సర్దు" అన్నావు. నా కాపురం జోలికి రావద్దని నీ మొహం మీదే అన్నాను. మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయావు. ఆ రోజు నువ్వన్నదే నిజం. ఆ ఒక్కసారి కాదు. పెళ్ళయిన రెండో నెల నుంచి మొన్న మార్చి వరకూ. కూరలో ఉప్పు, మిల్లులో గొడవ, పిల్లలు కలగలేదన్న మాట, ఏదో ఒకటి దొరికేది. ఆయన చెయ్యి లేచే ముందు కుడి భుజం కొంచెం వెనక్కి వెళుతుంది. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆ భుజం చూసి తల తిప్పుకోవడం. దెబ్బ కంటికో చెవికో తగలకుండా చూసుకోవడం.

ఇప్పుడు ఆ భుజాన్ని నా చేతులతో నేనే లేపాలి.

చెయ్యి రాకపోతే ఆయనకి ముద్ద కలిపి పెడుతూ, స్నానం చేయిస్తూ, పంచె కడుతూ నేను చచ్చేదాకా ఆ గదిలో ఉండాలి. చెయ్యి వస్తే నా పాత బతుకు మళ్ళీ మొదలు. ఏది కావాలని మొక్కుకోవాలో తెలియడం లేదు. శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు కూడా చేతులు జోడించి ఊరికే నిలబడి వచ్చేశాను.

ఏమైనా రాస్తే అంగన్‌వాడీ అడ్రసుకే రాయి.

నీ మీద నోరు పారేసుకున్న
రాజీ


ఆగస్టు 8.

అప్పా,

నీ ఉత్తరం అందింది. మా అంగన్‌వాడీ ఆయా అసిరమ్మ తెచ్చి ఇచ్చింది. నాలుగు మూలలూ నింపి తిడతావనుకున్నాను. "వదిలేసి వచ్చెయ్యి, నా క్వార్టర్లో ఇంకొక చాప పడుతుంది" అని రెండు ముక్కలే రాశావు. ఆ రెండు ముక్కలూ రోజుకి నాలుగుసార్లు చదువుకుంటున్నాను.

రాలేనప్పా. అంగన్‌వాడీ ఉద్యోగం ఈ ఊరికి కట్టేసి ఉంది. ఊరు వదిలితే ఉద్యోగమూ వదలాలి. నీ హాస్టలు వంటపనితో నువ్వే నెట్టుకొస్తున్నావు, నీ మీద పడి తినలేను. అదొక్కటే కాదు. మంచాన పడ్డ మొగుణ్ణి, చూపు ఆనని అత్తని వదిలి పోయిందంటారు. అన్నాళ్ళు తన్నులు తిని ఉన్నదానివి, ఇప్పుడు కొట్టలేని మనిషిని వదిలి పోతావేమని అడుగుతారు.

అయినా ఈ ఉత్తరం అందుకు కాదు. నేనొక పని చేస్తున్నాను. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

ఆమదాలవలసలో అద్దం కొని, వడ్రంగి చేత దానికి కాళ్ళు పెట్టించాను. మొదటి రోజు మెర్సీ చెప్పినట్టే పెట్టాను. ఆయన మంచం మీద కూర్చున్నారు, ముందు బల్ల. చెయ్యి ముడవండి, చాపండి, బోర్లించండి, వెల్లకిలా తిప్పండి అని చెబుతూ ఎదురుగా కూర్చున్నాను. అద్దంలో ఆ కుడి చెయ్యి ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది. వేళ్ళ కణుపుల మీద వెంట్రుకలతో సహా అదే చెయ్యి. పది నిమిషాలయ్యేసరికి ఇక కూర్చోలేకపోయాను. దొడ్లోకి పోయి వాంతి చేసుకున్నాను.

రెండో రోజు అద్దాన్ని కొంచెం పక్కకి తిప్పాను. నాలుగు వేళ్ళ మందం, అంతే. అద్దం సరిగ్గా మధ్యలో ఉండాలనీ, చెయ్యి తప్ప ఇంకేదీ కనిపించకూడదనీ, కొంచెం వంకర పోయినా చేసిందంతా వృథా అనీ మెర్సీ మరీ మరీ చెప్పింది. అందుకే తిప్పాను. నాలుగు వేళ్ళు తిప్పితే ఆయనకి చెయ్యి కనిపించదు. ఎదుటి గోడా, దాని మీద కేలండరూ కనిపిస్తాయి. ఎడమ చేతిని కదుపుతూ గోడని చూస్తూ అరగంట కూర్చుంటారు. మెర్సీ ఇచ్చిన పుస్తకంలో నేను టిక్కు పెడతాను. అత్త అరుగు మీద కూర్చుని "సేయిస్తన్నావేటే?" అంటుంది. "ఆఁ, చేయిస్తన్నాను" అంటాను.

ఆయనకి తెలియదనుకోకు. మాట పోయింది గాని బుద్ధి పోలేదు. మెర్సీ చెప్పినవన్నీ ఆయనా విన్నారు. రెండు రోజులు అయోమయంగా చూశారు. మూడో రోజు ఎడమ చెయ్యి చాపి అద్దాన్ని సరిచేసుకోబోయారు. నేను ఆ చేతిని తీసి బల్ల మీద పెట్టి, అద్దాన్ని మళ్ళీ పక్కకి తిప్పాను. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. నేనూ చూశాను. నేను కావాలనే చేస్తున్నానని అప్పుడు అర్థమైంది ఆయనకి. ఎందుకు చేస్తున్నానో కూడా అర్థమైంది. నా కళ్ళలోకి చూస్తూ "ఒసే" అన్నారు. మెల్లగా, లోపలికి గాలి పీల్చుకుంటున్నట్టు.

అత్త అరుగు మీంచి "ఏటి నాయినా, నీల్లు కావాలేటి?" అంది.

ఆయన వాకిలి వైపు తిరిగి "ఒసే, ఒసే, ఒసే" అని అరిచారు. ఆవిడ తడుముకుంటూ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన ఎడమ చేత్తో అద్దాన్ని చూపించారు, నన్ను చూపించారు. ఆవిడకి ఏం కనిపిస్తుంది? "తాగు నాయినా, తాగు" అని చెంబు మూతికి పెట్టింది. ఆయన తాగారు. ఇంకేం చేస్తారు?

ఇప్పుడు నా సిగ్గు చెబుతాను. ఆ నీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే చూసి నాకు సంతోషం వేసింది. చెప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో తెలుసుకో అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు నేను గోడ చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు నువ్వు చూడు అనుకున్నాను. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. దీపం పెట్టబోయి ఆగిపోయాను. పడిపోయిన మనిషిని లేవకుండా తొక్కి పెట్టి, పుస్తకంలో టిక్కులు పెట్టే మనిషి ఏ మనిషి అప్పా? ఆయన చేసినవి ఊరికి తెలుసు. నేను చేస్తున్నది ఎవరికీ తెలియదు. నాదే పెద్ద తప్పేమో.

రేపు మానేద్దామనుకుంటాను. రేపు ఆ బల్ల ముందు కూర్చోగానే నా వేళ్ళు వాటంతట అవే అద్దాన్ని తిప్పేస్తాయి. మేమిద్దరం ఆ గదిలో ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఉన్నాం. ఆయన నన్ను వదలలేరు, నేను ఆయన్ని వదలలేను. రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున, మా ఇద్దరికీ తెలిసిన మాట ఎవరమూ అనకుండా ఎదురెదురుగా కూర్చుంటున్నాం.

ఇది చదివాక కూడా చాప పరుస్తావా?

రాజీ


సెప్టెంబరు 3.

అప్పా,

పరుస్తానని రాశావు. ఇంకేమీ అడగలేదు. నీ ఉత్తరం అసిరమ్మ పెట్టెలో దాచాను. మా ఇంట్లో దాచుకోవడానికి చోటు లేదు.

చాలా జరిగాయి. వరసగా చెబుతాను.

కిందటి నెల మూడో వారంలో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. మెర్సీ ఆయన భుజం పట్టి చూసింది, మోచెయ్యి మడిచి చూసింది. వేళ్ళ మీద గీసి, తెలుస్తోందా అని అడిగింది. పుస్తకం తీసి నా టిక్కులన్నీ చూసింది. ఒక్క పూట కూడా తప్పలేదు మరి. "ఇంత బాగా చేయిస్తున్నారు, ఈపాటికి భుజమైనా కొంచెం రావాలే" అని తనలో తాను అనుకుంది.

అప్పుడు ఆయన మొదలుపెట్టారు. ఎడమ చేత్తో అక్కడి బల్ల మీద ఉన్న అద్దాన్ని చూపించారు. నన్ను చూపించారు. అద్దాన్ని పట్టి పక్కకి తిప్పి చూపించారు. "ఒసే, ఒసే" అంటూ ఏడ్చేశారు. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చారు. మా వంతు వెనక ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడి చూశారు. నేను గోడకి ఆనుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. అయిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

మెర్సీ ఆయన వీపు నిమిరింది. నా వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళలోనూ నీళ్ళు.

"చూశారా ఆంటీ? మీరు రోజూ ఎంత కష్టపడి చేయిస్తున్నారో చెబుతున్నారు. మాట రాకపోయినా మిమ్మల్నే తలుచుకుంటున్నారు" అంది.

ఆయన ఏడుపు ఆపేశారు. ఒక్కసారిగా. మెర్సీ వంకా నా వంకా మార్చి మార్చి చూసి తల దించుకున్నారు. తిరిగి వస్తుంటే ఆటోలో నా పక్కన ఊరికే ఊగుతూ కూర్చున్నారు. నాగావళి వంతెన మీద గాలికి తువ్వాలు జారిపోతే నేనే తీసి భుజం మీద వేశాను. అంత దిక్కులేని మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకెవరైనా అలా కూర్చుని ఉంటే నేను ఏడ్చేదాన్ని.

ఆ తర్వాత నాలుగు రోజులకే అత్తకి కంటి ఆపరేషను అయింది. ఊళ్ళో శిబిరం పెట్టి తీసుకెళ్ళారు. శుక్లం తీసేశారు. కట్టు విప్పాక ఆవిడ ఇల్లంతా కొత్తగా చూసుకుంటూ తిరిగింది. గూట్లో బూజు చూసి నన్ను తిట్టింది. నా మొహం దగ్గరగా పట్టుకుని చూసి "ఎంత ముసిల్దానివైపోనావే" అంది.

మొన్న ఆదివారం పొద్దున నేను ఆయన ముందు కూర్చుని ఉన్నాను. అద్దం ఎప్పట్లాగే పక్కకి ఉంది. ఆవిడ వచ్చి కొడుకు పక్కన మంచం మీద కూర్చుంది. ఆయన ఎడమ చేత్తో తల్లి తల పట్టుకుని తన తల పక్కకి లాక్కున్నారు. చెంపకి చెంప ఆనించారు. తను చూసేది ఆవిడకీ కనిపించాలని. ఆవిడ అద్దంలోకి చూసింది. కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది.

"ఏటే ఇది? దీన్లో గోడ అగుపడతంది. కేలండరు అగుపడతంది. సెయ్యి ఏదే?"

నేను చేతిలో పుస్తకం మూసేశాను.

"నిన్నే. అలవాటు లేక తప్పు పెట్టినావా, తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టాను" అన్నాను.

"ఎన్నాల్ల నుంచి?"

"రెండో రోజు నుంచి."

ఆవిడ కొడుతుందనుకున్నాను, వీధిలోకి వెళ్ళి అరుస్తుందనుకున్నాను. ఆవిడ లేచి అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని సరిచేసింది. వంగి చూసింది, ఇంకొంచెం జరిపింది. "ఇప్పుడగుపడతందా నాయినా? ముడు. ఆఁ, అలగ. ఇప్పుడు సాపు" అంటూ చేయించింది. నేను దొడ్లోకి పోయి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. తోమినవే మళ్ళీ తోమాను.

అరగంట తర్వాత వచ్చి నా ఎదురుగా బట్టలుతికే రాయి మీద కూర్చుంది.

"ఆడ్ని నాను కన్నాను. ఆడి సెయ్యి లేవాల, ఆడి కూడు ఆడు కలుపుకోవాల. నాకు కావాలది. నీకు అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో నాకు తెలవదనుకున్నావేటి?" అంది.

నేను ఇంకో గిన్నె అందుకున్నాను.

"కల్లు మసకని ఊరందరితోటీ అన్నాను. నిరుడే కదే మసక వొచ్చినాది, ముందు బాగానే ఉన్నాయి. సూసి కూడా సూడనట్టు ఉన్నాను. నీ సెయ్యి ఇరిగిన్నాడు, నూతికాడ జారిపడిపోనాదని మీ అప్పకి ముందు సెప్పింది నువ్వేటి? నానే సెప్పినాను. నువ్వు నా మాట నిలబెట్టినావు."

నిజమే అప్పా. నువ్వు వాకిట్లోకి రాగానే నా కన్నా ముందు ఆవిడే చెప్పింది. నేను దాన్నే పట్టుకుని వేలాడాను. ఎనిమిదేళ్ళుగా ఆ అబద్ధం నాదే అనుకున్నాను.

"ఆడు సేసింది తప్పు. నాను సేసింది తప్పు. నువ్వు సేసింది తప్పే. కాని నీ సేత ఆడికి సేవ సేయించడానికి నాకు మొకం లేదు. నువ్వు ఈ ఇంట్లో ఉండకే రాజీ. ఆడి సెయ్యి లేసినా సరే, లేవకపోనా సరే."

"ఊరు ఏమంటాది?" అన్నాను.

"ఊరుకి నాను సెప్తాను."

లేచి చీర దులుపుకుని లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అన్నేళ్ళు ఎదురుచూసిన మాట విన్నాక లేచి నడవాలి కదా. ఈ మూడు రోజులూ అదే ఇంట్లో వండుతున్నాను, అదే ఇంట్లో పడుకుంటున్నాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక కాదు. వెళ్ళడం ఎలాగో తెలియక.

రాజీ


నవంబరు 24.

ముద్దుల అప్పకి,

ఇన్నాళ్ళూ రాయలేదని కంగారు పడ్డావని తెలుసు. ఇది నా గదిలో కూర్చుని రాస్తున్నాను. రిజిస్టరు కింద పెట్టి కాదు, నేల మీద చాప వేసుకుని, తలుపు గడియ పెట్టుకుని.

అసిరమ్మ ఇంటికి వీధి వైపున ఒక గది ఉంది. దసరా వెళ్ళిన మర్నాడు రెండు సంచులూ నా కుట్టుమిషనూ అందులోకి చేర్చాను. అంగన్‌వాడీకి నాలుగడుగులు, మా ఇంటికి ఒక వీధి. ఊరు వదిలి వెళ్ళలేనని కుమిలిపోయాను గాని, ఇల్లు వదలడానికి ఊరు వదలక్కర్లేదని నాకు తట్టనే లేదు. తట్టింది అసిరమ్మకి. "ఉద్యోగం ఇక్కడా, మడిసి ఇక్కడా, ఇజయనగరం ఎందుకే? గది కాళీగా ఉన్నాది" అంది.

ఊరు అనాల్సినవన్నీ అంది. బోరింగు దగ్గర నేను వెళితే మాటలు ఆగిపోయేవి. ఒకామె నా ఎదుటే అత్తని పట్టుకుని, మంచాన పడ్డ మొగుణ్ణి వదిలేసిన కోడలికి నువ్వు వత్తాసేమిటని అడిగింది. అత్త బిందె కింద పెట్టింది. "అది ఒగ్గీలేదు, నానే పొమ్మన్నాను. ఇరవై నాలుగేల్లు నా కొడుకు సేతి దెబ్బలు తిన్నాది. నాను సూసినాను. ఇంకేటి కావాల మీకు?" అని అందరి ముందూ అంది. బిందె ఎత్తుకుని నడిచింది. నేను వెనక నడిచాను. నా జన్మలో మొదటిసారి ఆ మాట వీధిలో వినబడింది. నాకు సిగ్గు వేయలేదప్పా. వేస్తుందనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళి మెర్సీకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. టేబులు మీద కాగితాలు సర్దింది. ఆ తర్వాత, "ఆ రోజు ఆయన ఏడిస్తే నేనేమన్నానో గుర్తొస్తోంది ఆంటీ" అంది. పోయిన వారాలు తిరిగి రావనీ, సరిగ్గా చేసి ఉంటే అప్పుడే వచ్చేదని కూడా తను చెప్పలేననీ అంది. కడపటికి, "మీరు చేయించగలరా అని మిమ్మల్ని అడగనేలేదు. భార్య ఉంటే భార్యే చేస్తుందని పుస్తకం మీ చేతిలో పెట్టేశాను" అంది. ఆ వారాల బరువు నాదే. ఎవరూ తీసుకోలేదు, నేను ఇవ్వలేదు. మోస్తున్నాను.

ఇప్పుడు పొద్దుట పూట అద్దం దగ్గర అత్త కూర్చుంటుంది. నాలుగున్నరకి అంగన్‌వాడీ మూసి నేను వెళతాను. కూర వండుతాను. ఆయన బట్టలు ఉతుకుతాను. మొదటి పది రోజులు అంతవరకే చేశాను. పదకొండో రోజు సాయంత్రం అత్తకి నడుము పట్టేసింది. "ఇవ్వాల మానేద్దారి నాయినా" అంటోంది. ఆయన ఏమీ అనకుండా బల్ల మీది అద్దం వైపు చూస్తూ కూర్చున్నారు. నన్ను చూడలేదు. నేను చేయించనని ఆయనకి తెలుసు కదా.

నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. అద్దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాను. ఆయన తల పక్కన తల పెట్టి, చెయ్యే కనిపిస్తోందని చూసుకున్నాను. అప్పుడు అన్నాను. ఈ మాటలు దారి పొడుగునా అనుకుని అనుకుని వచ్చినవి కావు, అలా వచ్చేశాయి.

"ఈ చెయ్యి వస్తే అన్నం కలుపుకోండి. మీసం దువ్వుకోండి. మీ అమ్మకి నీళ్ళు తోడి పెట్టండి. నా మీదికి మాత్రం రాదు. వస్తే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కను. నేను అద్దం తిప్పింది తప్పే. మీరు కొట్టింది కూడా తప్పే. రెండూ మన ఇద్దరికీ తెలుసు. ఇక ముడవండి."

ఆయన ఎడమ చెయ్యి ముడిచారు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు నేనే చేయిస్తున్నాను. వాంతి రావడం లేదు. అరగంట అయ్యాక లేచి నా గదికి వెళ్ళిపోతానని తెలుసు కనక కూర్చోగలుగుతున్నాను. ఆ ఇంట్లోనే పడుకోవాల్సి ఉంటే ఇప్పటికీ నా వేళ్ళు దాన్ని తిప్పేవేమో. నేను మంచిదాన్నైపోయానని రాయడం లేదు నీకు.

నిన్న సంగతి చెప్పి ముగిస్తాను. రెండు రోజులు ముసురు పట్టి నిన్ననే తెరిపిచ్చింది. సాయంత్రం బోర్లించండి, తిప్పండి అని చెబుతున్నాను. అద్దం వెనక ఏదో చప్పుడైంది. అత్త అటువైపు కూర్చుని ఉంది. "ఓలమ్మో, లేసినాదే!" అని అరిచింది. నేను అద్దం పక్కనించి తొంగి చూశాను. కుడి భుజం వెనక్కి వెళ్ళింది. మోచెయ్యి బల్ల మీంచి అంగుళం ఎత్తు లేచి, వణుకుతూ నిలబడి ఉంది. వేళ్ళు మాత్రం గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి.

నా రెండు చేతులూ లేచి మొహానికి అడ్డం పడ్డాయి. నేను కాదు లేపింది. తల పక్కకి తిరిగిపోయింది, పీట వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

కాసేపటికి చేతులు దించి చూశాను. ఆయన అద్దాన్ని చూడటం లేదు, తన చేతిని చూడటం లేదు. ఏడు నెలలకి లేచిన చేతిని వదిలేసి నన్నే చూస్తున్నారు. ఆ చేతిని చూస్తే నేనేమైపోతానో ఆయన ఇదివరకు ఎన్నడూ చూడలేదేమో. కొట్టేటప్పుడు చూసేవారు కాదనుకుంటాను. మోచెయ్యి మెల్లగా బల్ల మీదికి దిగింది. "ఒసే" అన్నారు. అది తిట్టో, పిలుపో, ఇంకేదైనానో నాకు తెలియలేదు. తెలిసినట్టు నీకు రాయను.

అత్త ఏడుస్తోంది, సంతోషానికి. ఆవిడ సంతోషం ఆవిడది. నేను లేచి పుస్తకం తీసుకుని ఆ రోజు గడిలో "భుజం కదిలింది, మోచెయ్యి అంగుళం" అని రాశాను. అబద్ధం లేని రాత అది.

"నాకు భయం పోలేదు. పోతుందో లేదో తెలియదు. రేపు నాలుగున్నరకి వస్తాను" అని ఆయనకి చెప్పి చెప్పులు వేసుకున్నాను. వీధిలోకి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. నా గదికి వచ్చి, గడియ పెట్టుకుని, నాకొక్కదానికే అన్నం వండుకున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా కడుపునిండా తిన్నాను.

నీ చెల్లెలు,
రాజకుమారి